కవర్లమ్మ ఇంట్లో కొత్త కంప్యూటరు

ఆ ఇంట్లో ఒంటిమీద గుడ్డ లేని వస్తువంటూ లేదు. మిక్సీకి గౌను, ఫ్రిజ్‌కి టోపీ, టీవీకి రెండు జతలు, గ్యాసు బండకి కుచ్చుల లంగా. ఫోను ఛార్జరుకి కూడా ఒక సంచీ ఉంది, ఆ సంచీకి బొత్తాం ఉంది. ఇవన్నీ కుట్టింది ఆ ఇంటి ఇల్లాలే. వీధిగదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని సోఫాలకీ కుర్చీలకీ కారు సీట్లకీ కవర్లు కుట్టి ఇవ్వడం ఆవిడ పని. వీధి వీధంతా ఆవిణ్ణి కవర్లమ్మ అంటుంది. ఎదురుగా అన్నా ఆవిడకి కోపం రాదు. కోపం వచ్చేది ఒకే ఒక్క మాటకి: "కొంచెం బిగుతైనట్టుందండీ." ఆ మాట అన్నవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కాలంటే గుండెధైర్యం ఉండాలి. ఇన్నేళ్ళలో తన కొలత తప్పిందని ఆవిడ ఒప్పుకున్న పాపాన పోలేదు. కుర్చీ ఉబ్బిందంది, సోఫా పెరిగిందంది, ఒకసారి కారు సీటు ఎండకి సాగిందని కూడా వాదించి గెలిచింది.

అలాంటి ఇంటికి శనివారం కొత్త కంప్యూటరు వస్తే, ఆదివారం సాయంత్రానికల్లా అది కవరు తొడుక్కుని కూర్చుందంటే వింతేముంది?

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ కవరు తీసి మీట నొక్కితే, కంప్యూటరుకి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నొక్కింది మరదలు. కవర్లమ్మ భర్తకి ఒక్కగానొక్క చెల్లెలు, ఆవిడకన్నా పదేళ్ళు చిన్న. ఇక్కణ్ణించి మనం కూడా కవర్లమ్మని వదిన అనే పిలుద్దాం, ఈ కథంతా ఆ ఇద్దరిదీ కాబట్టి.

మరదలు పదిహేనేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. ఏడాదిన్నర కిందట ఆ బడి మెట్ల మీదే జారిపడి కాలు రెండుచోట్ల విరగ్గొట్టుకుంది. లోపల రేకు వేశారు, చేతికి కర్ర వచ్చింది. తరగతులేమో మూడో అంతస్తులో. "మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి" అని బడివాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పి, ఆ మర్యాద చల్లారకముందే ఇంకొకరిని పెట్టుకున్నారు. ఊరందరి లిఫ్టులూ బాగుచేసే అన్న ఉండి కూడా, చెల్లెలు పనిచేసే బడికి లిఫ్టు లేకపోయింది.

కాలు ఎంత బాగవాలో అంతా బాగైంది. నోరే బాగవలేదు. అంతకుముందు ఆ పిల్ల నోరు ఊరుకునేదా? వదిన నడక మీద ఒక విసురు, వంట మీద రెండు, పాట మీద లెక్కలేనన్ని. "నువ్వు పాడకు వదినా, మిషను ఆయిలడుగుతోంది" అనేది. వదిన ఊరుకునే రకం కాదు గనక ఆ ఇంట్లో పొద్దస్తమానం ఒకటే కీచులాట, ఒకటే నవ్వులు. పడ్డ తరవాత అన్నిటికీ "ఊఁ" ఒక్కటే జవాబు. గ్లాసు జారితే, టీ పొంగితే, "నా చెయ్యి పడితే అంతేలే వదినా" అని నెమ్మదిగా అనేది. పేచీకోరు బేరగాళ్ళతో గంటలకొద్దీ పోట్లాడి అలసిపోని వదిన, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నీరుగారిపోయేది.

చదువు మధ్యలో మానేసిన పెద్దవాళ్ళకి కంప్యూటరు మీద పాఠాలు చెప్పి పరీక్ష కట్టించే సంస్థ ఒకటుందని ఎవరో బేరానికొచ్చి చెప్పారు. వదిన వారం రోజులు చెవిలో జోరీగలా పోరి మరదలి చేత ఉత్తరం రాయించింది. ఇవాళ పదకొండింటికి పరీక్షగా ఒక పాఠం చెప్పాలి. అటునించి ఒక మేడం చూస్తారు. నచ్చితే పని. ఫోనులో కుదరదు, తెరమీద బోర్డు గీసి చూపించాలి. చెప్పిన సమయానికి రాకపోతే తరవాతి మనిషిని పిలుస్తాం, మళ్ళీ అవకాశం ఉండదు అని స్పష్టంగా రాశారు. కంప్యూటరు కొన్నది అందుకే.

మరదలు మళ్ళీ నొక్కింది. ఈసారి గట్టిగా, తరవాత మెత్తగా, తరవాత ఐదు లెక్కపెట్టి. ఏమీ లేదు.

"జరుగు, నన్ను చూడనీ," అని వదిన నొక్కింది. తను నొక్కినా రాకపోవడం వదినకి అవమానంగా తోచింది. "కరెంటు లేదేమో ఈ ప్లగ్గులో." ఆ మాట అంటూనే వంటింట్లోకి పరిగెత్తి, గౌనుతో సహా మిక్సీని చంకన పెట్టుకొచ్చి అదే ప్లగ్గులో పెట్టి తిప్పింది. మిక్సీ ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"కరెంటుంది," అంది మరదలు.

"అదే నేనూ చూస్తున్నా," అని వదిన లిఫ్టాయనకి, అంటే మొగుడికి, ఫోను కలిపింది.

ఆయన ఎక్కడో వేలాడుతున్నట్టుంది, గాలిలోంచి మాట వచ్చింది. "తలుపు సరిగ్గా పడిందేమో చూడు."

"కంప్యూటరుకి తలుపులేంటండీ!"

"అయితే బరువెక్కువైందేమో. దాని మీద ఏమైనా పెట్టారా?"

"ఆఁ, నేనెక్కి కూర్చున్నా. మీ చెల్లెల్ని పై అంతస్తుకి పంపడం లేదు నేను, పదకొండింటికి పాఠం చెప్పించాలి. వచ్చి చూడండి ఒకసారి."

"ఎనిమిదో అంతస్తు దగ్గర ముగ్గురు ఇరుక్కున్నారే. వాళ్ళని దించి వచ్చేసరికి పన్నెండవుతుంది. ఐదు నిమిషాలు ఆపి మళ్ళీ వెయ్యండి. లిఫ్టయితే నూటికి తొంభై అలాగే..."

"ముందు వాళ్ళని దించండి," అని వదిన పెట్టేసింది.

ఐదు నిమిషాలు ఆపారు. మళ్ళీ వేశారు. పైవాటాలో ఉండే ఆయనకి ఒక లాప్‌టాప్ ఉంది గాని, ఆయన దాన్ని సంచీలో వేసుకుని ఎనిమిదింటికే ఆఫీసుకి వెళ్ళిపోయాడు. కంప్యూటరు అమ్మిన కొట్టు పదింటిదాకా తియ్యరు. పది కొట్టేదాకా వదిన కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగింది. మరదలు మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, తెరలో తన నీడనే చూస్తూ కూర్చుంది.

పదింటికి కొట్టువాళ్ళ ఫోను ఒకమ్మాయి ఎత్తింది. అంతా విని, "మీ ఫిర్యాదు రాసుకున్నానండీ, మనిషి మధ్యాహ్నం మూడింటికి వస్తాడు," అంది.

వదిన ఒంటికాలి మీద లేచింది. "పదకొండింటికి పాఠమైతే మూడింటికి మనిషేంటమ్మా? పెట్టె తెచ్చిచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే గుడ్లు తేలేసింది! బొమ్మ అమ్మారా మాకు?" అని మొదలుపెట్టి, పక్కకి చూసింది. మరదలు తలదించుకుని వింటోంది. వదిన గొంతు చటుక్కున దిగిపోయింది. "అమ్మా, తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఇప్పుడెవరైనా ఖాళీగా ఉంటే పంపమ్మా. మా పిల్ల బతుకు దీని మీద ఉంది."

"మనుషులంతా బయటికెళ్ళిపోయారండీ. నా చేతిలో ఉంటే ఇప్పుడే పంపేదాన్ని," అంది ఆ అమ్మాయి. నిజంగానే బాధపడుతున్నట్టుంది. దాంతో ఆమెని తిట్టడానికి కూడా లేకపోయింది.

మరదలు కర్ర అందుకుని లేచింది. "వదిలెయ్ వదినా."

"ఇంకా గంట టైముంది."

"ఏం చేస్తాం గంటలో? నా చెయ్యి పడితే ఏది కదిలింది గనక." వెనకగది దాకా కర్ర చప్పుడు నెమ్మదిగా వినిపించింది. తరవాత తలుపు మూసుకుంది. విసురుగా వేసినా బాగుండు, తను కూడా నాలుగు మాటలని తేలికపడును అనుకుంది వదిన. ఆ తలుపు మెత్తగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా పడింది.

వదినకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కంప్యూటరుకేసి చూసి, "నీ దుంపతెగ, నీకేం లోటు చేశానే నేను? గుడ్డ కట్టించానా, దుమ్ము తగలకుండా చూశానా?" అంది.

కంప్యూటరంటే ఏమిటో వదినకి తెలీదు. తెలిసింది కొలతలు. ఏ వస్తువుకి కవరు కుట్టాలన్నా ముందు ఆవిడ దాన్ని నాలుగువైపులా బొమ్మ గీస్తుంది. ఎక్కడ ఎత్తుంది, ఎక్కడ పల్లముంది, ఎక్కడ కన్నముంది, అన్నీ గీసి పక్కన అంకె వేస్తుంది. అందుకోసం అట్ట కట్టిన లావుపాటి పుస్తకం ఒకటుంది. ఆదివారం పొద్దున్న మరదలు కంప్యూటరు మీద పాఠం సాధన చేసుకుంటుంటే, వదిన దాని వెనక చతికిలబడి ఈ పుస్తకంలోనే బొమ్మ గీసుకుంది. తీగ ఏదైనా ఊడిందేమో చూద్దామని ఇప్పుడు ఆ పేజీ తీసి, టేబులు వెనక్కి దూరింది.

ఆ బొమ్మలు గీయడం ఆవిడకి పుట్టుకతో రాలేదు. ఇరవై రెండేళ్ళకి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆవిడ చదువు మూడో తరగతి. అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు, టేపు మీద అంకెకీ అంకెకీ మధ్య ఉండే చిన్న గీతలు మాత్రం చీమల బారులా కనిపించేవి. అరంటే ఏదో, పావంటే ఏదో తెలియక, ఎవరిదో సోఫా గుడ్డ పొట్టిగా కత్తిరించి పాడుచేసింది. కళ్ళు మంటగా ఉంటున్నాయని అందరికీ అబద్ధం చెప్పింది. అందరూ నమ్మారు. బడి నుంచి వచ్చిన పన్నెండేళ్ళ ఆడపడుచు మాత్రం ఒక్క చూపులో కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. రోజూ సాయంత్రం వెనక మెట్ల మీద పక్కన కూర్చుని టేపుని సగానికి మడిచి, మళ్ళీ సగానికి మడిచి, ఒక్కో గీతకీ పేరు చెప్పింది. వస్తువుని నాలుగువైపులా గీయమని చెప్పిందీ ఆ పిల్లే. "కనిపించిందల్లా గియ్యి వదినా. అదేంటో తెలీకపోయినా గియ్యి. ఇవాళ తెలీనిది రేపు తెలుస్తుంది," అనేది. అలా మొదలైన చేతిపని ఈ ఇంటిని ఇంతవరకు నడిపింది. వదిన ఆ సంగతి ఒక్కరోజూ మరవలేదు. అయితే పైకి ఎప్పుడూ అనలేదు. వదినా మరదళ్ళు ఒకరినొకరు దెప్పుకోవడం అలవాటు గాని, ఇలాంటివి చెప్పుకోవడం అలవాటు లేదు.

పుస్తకంలో ఐదు తీగలు. పెట్టెకి ఐదు తీగలు. గట్టిగా లాగి చూసింది, అన్నీ తమ తమ కన్నాల్లో బిగిసే ఉన్నాయి. గాలికన్నాల జల్లెడ, ఉంది. మరలు, నాలుగూ ఉన్నాయి. అన్నిటికన్నా పైన, లావుపాటి తీగ పక్కన, వేలి గోరంత నల్లటి మీట ఒకటి గీసి ఉంది. అదేమిటో ఆవిడకి గీసినప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. పక్కన మాత్రం రాసుకుంది: పైసగం లోపలికి, కిందిసగం ఎత్తు, అంగుళంలో అరపావు.

వదిన చెయ్యి పెట్టి తడిమింది. మళ్ళీ తడిమింది. పైసగం ఎత్తుగా ఉంది. కిందిసగం లోపలికి పోయి ఉంది.

"కొలత మారింది," అంది వదిన పైకే.

వస్తువులు తమంతట తాము కొలత మారవని ఆవిడకన్నా బాగా ఎవరికి తెలుసు? నిన్న సాయంత్రం సంగతి ఒక్కసారిగా గుర్తొచ్చింది. తీగల కోసమని కవరు వెనకవైపు చీలిక వదిలింది. చీలిక అంచు సాగకుండా లోపల తాడు పెట్టి లావుగా మడిచి కుట్టింది. తొడిగేటప్పుడు ఆ అంచు ఎక్కడో పట్టుకుంది. వదిన అలాంటివాటికి లొంగుతుందా? రెండు చేతులతో బలంగా కిందికి లాగింది. "టక్" మని చిన్న చప్పుడైంది. దారం తెగిందేమోనని చూసి, తెగలేదని సంతోషించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వదిన ఆ మీట పైసగాన్ని లోపలికి నొక్కింది. మళ్ళీ "టక్" మంది. టేబులు కిందనుంచి పాక్కుంటూ ముందుకి వచ్చి పెద్ద మీట నొక్కింది. నీలంగా దీపం వెలిగింది. లోపల ఫ్యాను హుషారుగా తిరిగింది. తెర మీద వెలుగొచ్చింది.

గోడ గడియారంలో పదీ ముప్ఫై ఐదు.

వదిన మోకాళ్ళ మీదే కూర్చుని, తెలిసిన దేవుళ్ళందరికీ ఒక్కసారే చేతులు జోడించింది. ఆ తరవాత ఇంకో ఆలోచన వచ్చింది. ఎవరూ చూడలేదు. కవరు వల్ల అయిందని ఎవరికీ తెలీదు. దానంతట అదే వచ్చిందంటే సరిపోయె. కొత్త వస్తువు కదా, కాసేపు మొరాయించిందంటే ఎవరు కాదంటారు? ఇన్నేళ్ళ పరువు నిలుస్తుంది, పనీ జరుగుతుంది.

"అమ్మాయ్! రావే, వచ్చేసింది!"

కర్ర చప్పుడు గబగబా వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. మరదలు తెరకేసి చూసి, వదినకేసి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎలా వచ్చింది?"

"వచ్చిందిలే, నీకెందుకు. దానంతట అదే. కూర్చో, టైమైపోతోంది."

మరదలి మొహంలో సంతోషం సగంలోనే ఆగిపోయింది. వచ్చి కుర్చీలో కూర్చుంది గాని చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. "చూశావా వదినా. నేనున్నంతసేపూ రాలేదు. నేను గదిలోంచి వెళ్ళిపోగానే వచ్చింది." ఎగతాళిగా కాదు, లెక్కకి జవాబు చెప్పినట్టే చెప్పింది. "ఒక పని చెయ్యి. నువ్వు మౌసు పట్టుకో. ఎక్కడ నొక్కాలో నేను చెప్తుంటాను. నా చెయ్యి పెడితే మళ్ళీ ఆగిపోతుందేమో."

వదినకి తన పరువు దాచుకోవడానికి ఎంత ఖరీదు పెడుతోందో అప్పుడు తెలిసొచ్చింది. ఈ పిల్ల ఇలాగే, తన చేతుల్ని తానే నమ్మకుండా పాఠం చెప్తుంది. ఓడిపోతుంది. ఓడిపోయి, అది కూడా తన చెయ్యి మహిమే అనుకుంటుంది.

"నీ చెయ్యి కాదే," అంది వదిన. "నా చెయ్యి."

"ఏంటి?"

"నేనే ఆపేశాను దాన్ని. నిన్న కవరు తొడిగేటప్పుడు వెనక మీట నొక్కుకుపోయింది. నా కవరే నొక్కింది. పుస్తకంలో ఒకలా ఉంది, చేతికి ఇంకోలా తగిలింది. తిప్పి నొక్కాను, వచ్చింది. నువ్వు గదిలో ఉన్నా వచ్చేది, లేకపోయినా వచ్చేది. నీకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. కావాలంటే చూసుకో."

మరదలు కర్ర ఊతంతో వంగి పెట్టె వెనక్కి చూసింది. తరవాత కుర్చీ మీద పడున్న కవరు అందుకుని, చీలిక అంచు వేళ్ళతో నలిపింది. దాన్ని మీట దగ్గర పెట్టి పైనుంచి కిందికి లాగినట్టు పట్టి చూసింది. లెక్కల మనిషి కదా, ఊరికే నమ్మదు. చూశాక నెమ్మదిగా తలెత్తింది.

"వదినా."

"ఏం?"

"కవరు కొంచెం బిగుతైనట్టుందా?"

వదిన నోరు తెరిచింది. కంప్యూటరు ఉబ్బిందన్న మాట నాలిక దాకా వచ్చింది. "బిగుతైందే," అంది. "నా తల్లీ, చాలా బిగుతైంది."

అంతే, మరదలు నవ్వడం మొదలుపెట్టింది. ముందు భుజాలు కదిలాయి, తరవాత కర్ర జారిపోయింది, తరవాత కడుపు పట్టుకుని టేబులు మీద వాలిపోయింది. "అన్నయ్య... బరువెక్కువైందేమో అన్నాడు వదినా... నీ కుట్టు బరువే!" ఏడాదిన్నరగా ఎక్కడ దాక్కుందో గాని ఆ నవ్వు, ఎక్కిళ్ళతో సహా వచ్చేసింది. వదిన కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "చాల్లే, దువ్వుకున్న జుట్టంతా రేగిపోతోంది," అని తనే సవరించింది.

పదీ యాభై ఐదుకి మరదలు తన చేత్తోనే మౌసు పట్టుకుంది.

వదిన మిషన్లు రెండూ ఆపేసి, వీధి తలుపు వేసి, కంప్యూటరు తెరకి వెనకవైపు పీట వేసుకుని కూర్చుంది. చేతులు ఊరుకోక పాత కవరొకటి ఒళ్ళో వేసుకుని, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుంది. మేడం గొంతు పెద్దరికంగా, నెమ్మదిగా ఉంది. నేర్చుకునేవాడు ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రీ అట, యాభై దాటినవాడట. అతని కెమెరా ఆపేసి ఉందని, తెరమీద అతని చోట నల్లటి గడి తప్ప ఏమీ లేదని మేడం మాటల్ని బట్టి వదినకి అర్థమైంది. అతని గొంతు కూడా "ఆఁ", "సరేనండి" తప్ప ఏమీ అనడం లేదు.

మరదలు బాగానే మొదలుపెట్టింది. డబ్బాలో సగం రంగు అంది, బొమ్మ గీసింది. "ఆ సగంలో మళ్ళీ సగం వాడేశారనుకోండి. డబ్బాలో ఎన్నోవంతు మిగిలినట్టు?"

నిశ్శబ్దం.

"తప్పయినా ఫర్వాలేదండీ, చెప్పండి."

ఫ్యాను చప్పుడు వదినకి ఇవతలదాకా వినిపిస్తోంది. మరదలు ఇంకో రకంగా అడిగింది, ఇంకో బొమ్మ గీసింది. "సరేనండి," అన్నాడు మేస్త్రీ. మరదలి గొంతు ఒక మెట్టు దిగింది. ఆ దిగడం వదినకి తెలుసు. ఇంకో రెండు మెట్లు దిగితే మళ్ళీ "ఊఁ" దగ్గరికే చేరుతుంది.

"మీకు బడిపిల్లలకి చెప్పిన అనుభవం ఉంది," అన్నారు మేడం. "పెద్దవాళ్ళకి ఎప్పుడైనా చెప్పారా?"

మరదలు అంది, "చెప్పానండీ. నా మొట్టమొదటి విద్యార్థికి ఇరవై రెండేళ్ళు. అప్పుడు నాకు పన్నెండు."

"ఎవరావిడ?"

"మా వదిన."

"ఇంట్లో ఉన్నారా? ఒకసారి పిలుస్తారా?"

వదిన గుండుసూదులు మింగినంత పని చేసింది. ఒంటినిండా దారం ముక్కలు, తలంతా దూది. పారిపోదామనుకునేలోపే "వదినా, ఇటు రా" అని వినపడింది. వెళ్ళి కుర్చీ పక్కన నిలబడింది. తెరలో కళ్ళజోడు పెట్టుకున్న మేడం, పక్కన నల్లటి గడి, ఓ మూల తన మొహమే తనకి కనిపించింది.

"మీ టీచరు గురించి ఒక్క మాట చెప్పండి," అన్నారు మేడం.

బాగా చెప్తుందనాలా? తెలివైందనాలా? వదిన మరదలికేసి చూసింది. ఆ పిల్ల చిన్నప్పుడు వెనక మెట్ల మీద టేపు పట్టుకుని ఎలా చూసేదో అలాగే చూస్తోంది, తొందరపెట్టకుండా.

"ఈ పిల్లకి నన్ను వెక్కిరించడం మహా సరదా అండీ," అంది వదిన. "నా నడకని వెక్కిరించింది, నా వంటని వెక్కిరించింది, నేను పాడితే చెవులు మూసుకుంది. కానీ నాకు సగంలో సగం ఎంతో తెలీదని తెలిసిన రోజున మాత్రం నవ్వలేదు. పెళ్ళైన దాన్ని, ఇంత మనిషిని, అంత చిన్న సంగతి తెలీదంటే ఏ పిల్లయినా నవ్వేస్తుంది కదండీ? ఆ రోజూ నవ్వలేదు, ఆ తరవాత కోపం వచ్చినా ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్ళూ నేను సిగ్గుపడకుండా బతికానంటే ఈవిడ వల్లే. నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు మీరడిగారు గనక చెప్తున్నాను."

మరదలు కీబోర్డుకేసి చూస్తూ ఉండిపోయింది. ఆవిడ చెయ్యి మాత్రం పక్కకి వచ్చి వదిన చేతిని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు నల్లటి గడిలో వెలుగొచ్చింది. ముందు ఒక పైకప్పు కనపడింది, తరవాత ఊగుతూ ఒక గోడ, తరవాత ఒక మొహం. జుట్టుకి తెల్లరంగు అంటిన పెద్దాయన. తెరకి బాగా దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"టీచరుగారూ," అన్నాడు. "నాకు కూడా తెలీదండీ. సగంలో సగం. ఎన్ని గోడలకి రంగు వేశానో లెక్కలేదు గాని, ఇది మటుకు ఎవర్నీ అడగలేకపోయాను. మొదట్నించి చెప్తారా?"

"చెప్తానండీ," అంది మరదలు. గొంతు తడిగా ఉంది గాని గట్టిగా ఉంది. "ఒక కాగితం తీసుకోండి. సగానికి మడవండి."

వదిన చప్పుడు చెయ్యకుండా ఇవతలికి వచ్చేసింది. పీట మీద కూర్చుని పాఠమంతా విన్నది. పెద్దాయన రెండుసార్లు తప్పు చెప్పాడు, మూడోసారి ఒప్పు చెప్పాడు, ఒప్పు చెప్పినందుకు తనే నవ్వాడు. పాఠం అయ్యాక, "రేపు కూడా మీరే చెప్తారాండీ?" అని అడిగాడు. మరదలు మేడంకేసి చూసింది.

"ఆవిడే చెప్తారు," అన్నారు మేడం.

వదిన మొహాన్ని ఒళ్ళో ఉన్న గుడ్డలో దాచుకుని హాయిగా ఏడ్చేసింది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద ఉండి చెప్పలేని మాట ఇవాళ చెప్పగలిగింది. ఆ పెట్టె పొద్దున్నే బుద్ధిగా పనిచేసి ఉంటే మరదలి నవ్వూ బయటికి వచ్చేది కాదు, ఈ మాటా బయటికి వచ్చేది కాదు. అందుకని ఆ మొండి కంప్యూటరుకి కూడా మనసులోనే ఒక దణ్ణం పెట్టుకుంది.